ఒకటే సీసా

ప్రియమైన పైపుల మేస్త్రీ గారికి,

ప్రియమైన అని మొదలుపెట్టాలట. నీ కూతురు చెప్పింది. పెట్టవే తల్లీ, పోయేది సిరాయే కదా అన్నాను. పెట్టింది.

ఇది కుశలం అడిగే ఉత్తరం కాదు, నా వాదన. వాదించేదెవరో ముందు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. వీధిలో నన్ను ఇస్త్రీ పెద్దమ్మ అంటారు. వెనకాల పెనం అంటారు. అనేవాళ్లెవరో కూడా నాకు తెలుసు. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో లెక్కపెట్టుకునే తీరిక నాకు లేదు. చదువు లేదు. కింద వీధి వైపు ఇస్త్రీ కొట్టు, పైన ఒక గది, వంటిల్లు. ఆ గదిలో ఉండేది నేను, నువ్వు, కొన్నాళ్లుగా నీ బండి. మీ ఇంట్లో ఎంతమంది అని ఎవరైనా అడిగితే ముగ్గురు అని చెప్పుకోవాల్సిన గతి పట్టింది నాకు. ప్రస్తుతం కూతురి ఇంట్లో ఉన్నాను, కనుబొమ్మ మీద కుట్లతో. చెప్పేది నేను, రాసేది అది. నర్సు కదా, మనుషుల్ని కుట్టడమూ వచ్చు, మాటల్ని కత్తిరించడమూ వచ్చు. ఒక్క ముక్క కత్తిరించినా ఊరుకోనని ముందే చెప్పి కూర్చోబెట్టాను.

"అమ్మా, మరీ ఇంత ఘాటుగా ఎందుకే?" అంటోంది. అది కూడా రాయి అన్నాను. రాసింది.

ఇక విను. మోకాళ్లు మొరాయించాక నువ్వు రెంచిని గోడకు తగిలించి కూర్చున్నావు. బాగానే ఉంది, జీవితమంతా వంగి పనిచేసినవాడివి, కూర్చో. కానీ కూర్చున్నవాడివి కూర్చున్నట్టు ఉండక కింది వాటాలో మాస్టారితో జత కట్టావు. ఆయన రసాయనాల పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాడు. పిల్లలు తప్పించుకున్నారు, నువ్వు దొరికావు. మన కాలనీ సంఘం వాళ్లకు పొద్దుపోక ముసలివాళ్లకని ఒక పోటీ పెట్టారు. చెప్పుల పెట్టె అంత బండి చేయాలట. పెట్రోలు పోయకూడదు, బ్యాటరీ పెట్టకూడదు, చేత్తో తోయకూడదు. ఏవో రెండు కలిపితే పుట్టే గ్యాసుతో దానంతట అది కదలాలి, మీద గ్లాసుడు నీళ్లు మోసుకుంటూ పోయి గీత దగ్గర ఆగాలి. ఆ నీళ్లు ఎవరికి కావాలి? దాహమేసినవాడు లేచి తాగడా? ఇది నేనడిగితే మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నవ్వండి.

మాస్టారు బయటపెట్టిన మహా రహస్యం ఏమిటయ్యా అంటే, వెనిగర్లో వంట సోడా వేస్తే పొంగుతుందని. పొంగినదాన్ని తుడుచుకోవాలని తప్ప దానితో సవారీ చేయవచ్చని నాకు తోచలేదు, నిజమే, ఒప్పుకుంటాను. నువ్వు పలక చెక్క కోశావు. నా ఊరగాయ సీసాల మూతలు చక్రాలయ్యాయి. నా గొడుగు ఊచలు ఇరుసులయ్యాయి. వాన పడితే నేనేం పట్టుకుని వెళ్లాలో మాస్టారి పుస్తకంలో ఉన్నట్టు లేదు. చెక్క మీద ఒక ప్లాస్టిక్ సీసా పడుకోబెట్టి కట్టావు. దాని వెనక సన్నటి గొట్టం. సీసాలో వెనిగర్ పోసి, పల్చటి కాగితంలో మడిచిన సోడా పొట్లం లోపల పడేసి, మూత పెట్టి వదిలితే గ్యాసు గొట్టంలోంచి వెనక్కి బుస్సుమని పోతుంది, బండి ముందుకి పోతుంది. మొదటిసారి పిల్లి తుమ్మినంత దూరం పోయింది. మీరిద్దరూ కావలించుకుని గంతులేశారు. కూతురు పుట్టిందని చెప్పినప్పుడు నువ్వు "ఊఁ" అన్నావు, అంతే. ఇది రాస్తున్న ఆడపిల్ల ముందే చెబుతున్నాను, దానికీ తెలియాలి.

ఆ పులుపు వాసన గోడలకు పట్టింది, దుప్పట్లకు పట్టింది, మెట్లు దిగి నా కొట్టులోకి వచ్చింది. లాయరు గారి గుమాస్తా చొక్కాలు తిరిగి పట్టుకొచ్చాడు.

"పెద్దమ్మా, చొక్కా పుల్లటి కంపు కొడుతోంది. జడ్జిగారు ముక్కు చిట్లించారంట."

"మీ లాయరు మాట్లాడితే వచ్చిన కంపేమో చూసుకో నాయనా," అన్నాను.

అన్నాను గానీ సిగ్గుతో చచ్చాను. ఇన్నేళ్లలో నా ఇస్త్రీకి వంక పెట్టినవాడు లేడు. పైకి వచ్చి నీతో చెబితే, "ష్, కదిలించకు, కొలత తప్పుతుంది," అన్నావు. నా కొట్టు మూతపడినా పర్వాలేదు, చెంచాడు వెనిగర్ అటూ ఇటూ కాకూడదు!

అసలు మీ మాస్టారు ఎంచుకున్న మనిషిని చూస్తే నాకు నవ్వొస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కారేవాటిని ఆపి బతికినవాడివి నువ్వు. ఎవరింటికి వెళ్లినా మనుషుల కంటే ముందు వాళ్ల కుళాయి వంక చూస్తావు. ఎక్కడ చుక్క పడినా నీకు నిద్ర పట్టదు. అలాంటివాడి చేతికి, గ్యాసు వదిలితేనే నడిచే బండి ఇచ్చాడు! "మేస్త్రీ గారూ, మూత మరీ బిగించకండి, గొట్టంలో పొడి అడ్డం పడితే మూత ఊడి రావాలి, మనకదే కాపలా," అని ఆయన నా ముందే చెప్పాడు. "అలాగేనండీ," అన్నావు. ఆయన మెట్లు దిగీ దిగకముందే సీసా మూతికి పైపులకు చుట్టే నీ తెల్ల టేపు చుట్టావు, గోడ మీది రెంచి దించావు.

"మూత దగ్గర కారుతోంది, ఇందాక వినపడలా?" అన్నావు.

"కారనీయవయ్యా, ఆయన చెప్పాడు కదా!" అన్నాను.

"నీకేం తెలుసు, నువ్వు చొక్కాలు చూసుకో," అన్నావు.

చొక్కాలే చూసుకుంటున్నాను. మంచం మీది కట్ట ఎత్తుతున్నాను. నువ్వు పొట్లం పడేసి రెంచితో మూత బిగించావు. గొట్టంలోంచి గాలి రాలేదు. సీసా పొట్ట ఉబ్బింది. నువ్వు తల ఒక పక్కకి వాల్చి, చెవి పెట్టి వింటున్నావు, చుక్క కారని పైపును చూసి మురిసిపోయే మొహంతో. ఢామ్మంది. సీసా అడుగు ఊడి వచ్చి నా కనుబొమ్మను చీల్చింది. గోడ పట్టుకుని కూలబడ్డాను. ఒక కంట్లోకి నెత్తురు దిగింది. రెండో కన్ను బాగానే ఉంది. ఆ కంటితో చూశాను. నువ్వు లేచావు. నా వైపే వచ్చావు. వంగావు. నా కాళ్ల దగ్గర పడిన బండిని రెండు చేతులా ఎత్తుకుని, గుండెకు ఆనించుకుని వరండాలోకి పరిగెత్తావు. ఆ మోకాళ్లతో పరిగెత్తావు! పక్క కొట్టులో కుట్టుపని ఆమె పైకి వచ్చి కేక పెట్టేదాకా నేను అలాగే ఉన్నాను.

తిట్టడానికి రాయించడం లేదు. తిట్లు ఎదురుగా ఉంటే బాగుంటాయి. ఒక్కటే అడుగుతున్నాను. నన్ను దాటి బండిని ఎందుకు ఎత్తావు? జవాబు చెప్పేదాకా నేను ఆ మెట్లు ఎక్కను. కుట్టుపని ఆమె తన కొట్టు వెనక గది నాకిస్తానంది. సోమవారం లోపు నీ జవాబు రాకపోతే, వచ్చినా అది నాకు నచ్చకపోతే, ఇస్త్రీ బల్ల, పెట్టె, నా దుప్పటి అక్కడికి చేరతాయి. మిగిలినవాళ్లు ఇద్దరూ, నువ్వూ నీ బండీ, సుఖంగా కాపురం చేసుకోండి.

ఇట్లు,
పెనం అనబడే ఇస్త్రీ పెద్దమ్మ వేలిముద్ర
సాక్షులు: కూతురు. అల్లుడు (వద్దు వద్దంటూనే సంతకం పెట్టాడు).


మహావీరులైన పైపుల మేస్త్రీ గారికి,

నీ జవాబు అందింది. నీ జవాబని ఎందుకనాలి, మాస్టారి జవాబు. టైపు మిషను మీద కొట్టించి, కింద నీ సంతకం. నీ కూతురు చదివింది. సగంలో ఆపి మళ్లీ మొదటినుంచి చదివింది. "బండికి అమర్చిన రెండవ సీసా కూడా పగిలే స్థితిలో ఉండుట గమనించి, భార్య ప్రాణమునకు ముప్పు కలుగకుండ, తన ప్రాణమును లెక్కచేయక దానిని వరండాలోనికి గొనిపోయి..." గొనిపోయావట. నువ్వెప్పుడైనా ఏదైనా గొనిపోయావా? పట్టుకెళ్లావు, లాక్కెళ్లావు. గొనిపోవడం మాస్టార్లు చేసే పని.

ఈ కాగితం వచ్చాక ఈ ఇంట్లో నా బతుకు ఎలా ఉందో విను. అల్లుడు నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "అత్తయ్యా, మామయ్యని అపార్థం చేసుకున్నారు. వెళ్లి ఒక్క మాట క్షమించమంటే మీ సొమ్మేం పోదు," అన్నాడు. మీ సంఘం కార్యదర్శి పూలగుత్తి పట్టుకుని వచ్చాడు, నాకు కాదు, వీరుడి భార్యకు. పోటీ రోజు అందరి ముందు నిన్ను సన్మానిస్తారట, గేటు దగ్గర బోర్డు మీద రాస్తారట. కుట్టుపని ఆమె కూడా మెత్తబడింది. "పిన్నీ, బాబాయి బండి పట్టుకుని పరిగెత్తడం నేనూ చూశాను. నాకప్పుడు తెలీలేదు. ఎంత అదృష్టవంతురాలివి," అంది. ఆ వెనక గది సంగతి ఇప్పుడు ఎత్తడం లేదు. నా కూతురు నా తల దువ్వుతూ, "నాన్న అలాంటివాడని నాకు తెలుసమ్మా," అంటోంది. నేను పళ్లు బిగించుకుని కూర్చున్నాను. నెత్తురు నాది, పేరు నీది!

ఇప్పుడు చెబుతున్నాను. అమ్మాయీ, కలం ఆపకు, రాయి. బండి మీద సీసా ఒకటే.

రెండో సీసా ఉంది, కాదనను. దాన్ని ఆ రోజు పొద్దున నేనే కడిగాను, పులుపు కంపు భరించలేక. కడిగి వంటింటి గట్టు మీద బోర్లించాను. కుట్టుపని ఆమె నన్ను పట్టుకుని మెట్లు దింపుతున్నప్పుడు కూడా ఆ మిగిలిన కంటితో చూశాను, బోర్లించింది బోర్లించినట్టే ఉంది. నాకు అక్షరాలు రావు. ఒకటీ రెండూ వస్తాయి.

నీ కూతురు కలం ఆపేసింది. "ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదమ్మా?" అంటోంది. నువ్వు చెబుతావని చూశాను. వీధిలో అందరూ భుజం తడుతుంటే ఒక్కసారైనా, "లేదర్రా, ఒకటే సీసా," అంటావేమోనని చెవి ఒగ్గి కూర్చున్నాను. అనలేదు. కార్యదర్శి చెప్పాడు, సన్మానం మాటెత్తగానే తల వంచుకున్నావట. వినయమనుకున్నాడు వెర్రివాడు.

చూడవయ్యా, కుట్ల నొప్పి కుట్లతో పోతుంది. బండిని ముందు ఎత్తావు, అదీ ఒక రోజుకు మింగుతానేమో, మింగనేమో, నాకే తెలీదు. కానీ నాకు తెలుసని తెలిసీ, నా కళ్ల ముందే అబద్ధానికి ఇస్త్రీ చేసి తొడుక్కుని తిరుగుతున్నావు చూడు, ఇది మింగుడు పడదు. నాతో బతికిన ఇన్నేళ్లలో నువ్వు మొండివాడివి, మూగవాడివి, పనికిమాలినవాడివి. దొంగవు మాత్రం కాదు. ఆ ఒక్కటీ చూసుకునే నేను ఆ గదిలో ఇన్నాళ్లు పడి ఉన్నాను.

ఇక కాగితాలు వద్దు. మాస్టారి నోరు నాకు అక్కర్లేదు. నీకొక నోరుంది, ఎంత తుప్పు పట్టినా. దాన్ని తెచ్చుకుని ఇక్కడికి వచ్చి చెప్పు. సోమవారం గడువు అలాగే ఉంది. వెనక గది ఇవ్వకపోతే మెట్ల కింద అయినా బల్ల వేసుకుంటాను.

ఇట్లు,
వీరుడి భార్య కాని ఇస్త్రీ పెద్దమ్మ వేలిముద్ర
సాక్షులు: కూతురు. అల్లుడు సంతకం పెట్టనన్నాడు, పెట్టకపోతే మానె.


ఏమయ్యా,

నిన్న నువ్వు వచ్చి వెళ్లాక నేను మంచినీళ్లు కూడా ముట్టలేదని నీ కూతురు రాయమంటోంది. అబద్ధం. తాగాను.

నిన్న నీ ఎదుట నాకు నోరు పెగల్లేదు. పెగలకపోవడం నా పుట్టుకలో ఇదే మొదలు, చూసుకుని మురిసిపోకు. అందుకే ఈ ఉత్తరం. నిన్న జరిగింది మొత్తం రాయిస్తున్నాను, రేపు ఇంకెవడో మిషను మీద ఇంకోలా కొట్టించకుండా.

సంచి భుజానికి తగిలించుకుని వచ్చావు. గుమ్మంలో నిలబడి నా మొహం చూడలేదు, వంటింటి వైపు చూశావు. "కుళాయి కారుతున్నట్టుందే," అన్నావు. అల్లుడు కంగారుపడి, "పర్వాలేదు మామయ్యా, రేపు ఎవరినైనా పిలుస్తాను," అన్నాడు. "ఎవరినో ఎందుకు?" అని నేరుగా పోయి, ఆ మోకాళ్లను తిట్టుకుంటూ నేల మీద పడుకుని, సింకు కింద తల దూర్చావు. నేను కుర్చీ తెచ్చుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. నాకు కనిపించింది నీ రెండు కాళ్లే. చాలాసేపు రెంచి చప్పుడే. మనసులో ఎన్ని తిట్లు కూర్చుకున్నానో, ఒకదాని వెనక ఒకటి, వరసలో నిలబెట్టాను. అప్పుడు సింకు కింద నుంచి నీ గొంతు వచ్చింది.

"సీసా ఒకటే."

నేను కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నాను.

"రెండో సీసా మాట మాస్టారిది. వినడానికి బాగుంది. నేనూ సంతకం పెట్టేశాను. అందరూ మెచ్చుకుంటుంటే, ఏం చెప్పమంటావు, హాయిగా అనిపించింది. నన్ను ఇంతవరకూ ఎవరు మెచ్చుకున్నారు? పైపు బాగున్నన్నాళ్లు మేస్త్రీ ఎవడికీ గుర్తుండడు."

"నాన్నా, మరి ఎందుకు..." అంది నీ కూతురు.

"చక్రం విరిగిందేమో అనుకున్నాను. వరండాలో వెలుతురుంటుంది కదా, చూద్దామని తీసుకెళ్లాను." రెంచి చప్పుడు ఆగింది. "మీ అమ్మని నేను చూడలేదు. అక్కడే ఉంది. బండికి పక్కనే ఉంది. బండే కనపడింది."

అల్లుడు దగ్గాడు. వాడికి అంతకంటే తెలివైన పని తోచలేదు.

నువ్వు బయటికి వచ్చి, కుళాయి తిప్పి, కట్టి, వేలు కింద పెట్టి చూసుకున్నావు. చుక్క పడలేదు. "ఆ బండి మానేస్తున్నాను. మాస్టారితో చెప్పేశాను," అన్నావు. సంచి సర్దుకుని వెళ్లిపోయావు. పిలుస్తానేమోనని మెట్ల మీద ఆగావు. నేను పిలవలేదు.

రాత్రంతా ఆలోచించాను అని రాయకే, అలాంటివి నాకు నచ్చవు. ఆలోచించాల్సింది ఏముంది? నా పక్కనే ఉన్న మనిషికి నేను కనపడలేదు. ఇది కొత్త సంగతి కాదు, నెత్తురుతో తెలిసింది కాబట్టి కాస్త గట్టిగా తెలిసింది. నొప్పిగానే ఉంది. నువ్వు సింకు కిందికి దూరి చెప్పినంత మాత్రాన పోలేదు. కానీ ఒకటి చెబుతాను విను. అబద్ధం చెప్పుకుని గొప్పవాడివైపోతే నీతో బతకడం నాకు చేతకాదు, గొప్పవాళ్లతో ఎలా మసలుకోవాలో మా అమ్మ నేర్పలేదు. నిజం చెప్పి మళ్లీ చవటవయ్యావు. చవటతో బతకడం నాకు బాగా అలవాటు.

కాబట్టి సోమవారం బల్ల కదలదు, నేనే కదులుతాను. కుట్టుపని ఆమెకు వెనక గది వద్దని కబురు చేశాను. బతుకు జీవుడా అనుకున్నట్టుంది.

వచ్చే ముందు నువ్వు చేయాల్సినవి చెబుతున్నాను. సింకు కింద చెప్పిన మాట కార్యదర్శి ముందు నిలబడి చెప్పు. సన్మానం వద్దను. నవ్వుతారు. నవ్వనీ, మనం చూడని నవ్వులా అవి? మాస్టారికి నా మాటగా చెప్పు, నా గురించి ఇంకోసారి పుస్తకాల భాషలో రాస్తే ఆయన కళ్లజోడుకు ఇస్త్రీ చేసి పంపుతానని.

ఇక బండి. ఎవడు మానమన్నాడు నిన్ను? అడిగానా? నా కనుబొమ్మ చీలింది, నా గొడుగు పోయింది, లాయరు గారి బేరం పోయింది, ఇంత పోయాక ఇప్పుడు ఆ దిక్కుమాలినదాన్ని అటక మీద పడేస్తావా? నా కుట్లు దండగ కావడానికి వీల్లేదు. చెయ్యి. గదిలో కాదు, వెనక పెరట్లో, గోడకు అవతల. మూతను చేత్తో పెట్టు, రెంచి ముట్టుకోకు, టేపు చుట్టకు. ఇన్నేళ్లు ఊళ్లో కారేవన్నీ ఆపావు, ఆ ఒక్కదాన్ని దాని మానాన బుస్సుమననీ. పోటీకి నేను వస్తాను. ముందు వరసలో కాదు, బాగా వెనక కూర్చుంటాను. అది గీత దాకా పోతే పోతుంది, పోకపోతే అందరికంటే ముందు నేనే నవ్వుతాను, నాకా హక్కుంది.

నీ కూతురు అడుగుతోంది, "అయితే క్షమించేశావా అమ్మా?" అని. కలంతో రాసే ప్రశ్నేనా అది? క్షమించడం గిమించడం నాకు తెలీదు. సోమవారం పొద్దున ఎండ ఎక్కకముందే వస్తాను. ఒక కన్ను ఇంకా సరిగా తెరుచుకోవడం లేదు నాకు, మెట్లు తడుముకుంటూ ఎక్కాలి. నువ్వు పైన గుమ్మంలో నిలబడు. రెంచి వద్దు, సంచి వద్దు, బండి వద్దు. చేతుల్లో ఏమీ పెట్టుకోకు.

ఇట్లు,
నీ పెనం వేలిముద్ర
సాక్షులు: కూతురు. అల్లుడు, ఈసారి అడగకుండానే.